మోకు ముక్కలు

ఓడలో పాతబడిన మోకు వ్యర్థమా? వినుటకు చిన్న ప్రశ్నయే గాని, విప్పుకొనుచు పోయినయెడల అది మనము తోటి మనుష్యులను చూచు చూపు వరకు వచ్చును.

తెరచాప ఓడల కాలములో త్రాళ్లకు అంతము లేదు. తెరచాపలను ఎత్తుటకు, కొయ్యలను నిలిపి బిగించుటకు, లంగరు దింపుటకు అన్నిటికి మోకులే. ఉప్పునీరు, ఎండ, రాపిడి వాటిని అరగదీయును. అరిగిన మోకును నావికుడు సముద్రములో పారవేయడు. అందులో గట్టిగా నున్న భాగమును కోసి తక్కువ బరువు లాగు పనికి పెట్టును. అంతకును పనికిరానిదానిని పురివిప్పి, పోగులు తీసి, సన్నత్రాళ్లు పేనును. రాపిడి తగులు చోట చుట్టుటకు పట్టీలు అల్లును. నేల తుడుచుటకు కుచ్చులు కట్టును. పొట్టి పోగులను వరుసగా ముడివేసి, నక్కతోకవలె గుబురుగా చేసి, తెరచాప రాచుకొను త్రాళ్లకు చుట్టును. క్రొత్త తెరచాప చిరుగకుండ కాచునది ఆ పాత పీచే. చిట్టచివర మిగిలిన పీచును పలకల సందులలో సుత్తెతో కూరి, పైన కరగిన కీలు పోయుదురు. నిన్నటివరకు గాలితో పెనగులాడిన మోకు నేడు అడుగున నీటిని ఆపుచున్నది. రేవులో మిగిలిన పాత మోకులు కాగితపు మిల్లులకును పోయెడివి. మన కచేరీలలో అందరెరిగిన మనీలా కవరు పేరులో ఆ మోకుల నార పేరే నిలిచియున్నది.

ఇందులో మెచ్చదగినది పొదుపు మాత్రమే కాదు, నిదానించి చూచు కన్ను. ఏ త్రాడు ఇకమీదట మనిషి ప్రాణమును మోయలేదో నావికుడు ఎరిగియుండవలెను. దానిని పారవేయలేక, కొయ్యమీదికి ఎక్కువాని చేతికిచ్చినయెడల అది పొదుపు కాదు, నరహత్య.

నేటి పడవలలో నైలాను, పాలియెస్టరు త్రాళ్లు వచ్చినవి. అవి నారవలె సందులలో కూరుటకు పనికిరావు. నీటిలో పడినను త్వరగా కుళ్లవు. కాబట్టి మిగిలిన ముక్కలతో రేవుగోడకు పడవ కొట్టుకొనకుండ దిండ్లు, కాళ్లు తుడుచుకొను పట్టాలు, సంచుల పిడులు, కుక్కల పగ్గములు చేయుదురు. ఎన్నడో పనికివచ్చునని పెట్టెలు నింపుకొనువారును కలరు. మన ఇండ్లలోని అటకలను ఎరిగిన మనము వారిని చూచి నవ్వతగదు.

ఇంతవరకు సంతోషమే. అయితే ఆ పీచు తీసినది ఎవరి చేతులు? 19వ శతాబ్దమున ఇంగ్లాండులో చెరసాలలలోను, దిక్కులేని బీదలను ఉంచి పనిచేయించు గృహములలోను ఇది నిత్యకృత్యము. కీలుపట్టి కట్టెవలె బిగిసిన మోకు ముక్కలను వ్రేళ్లతో పోగు పోగుగా విప్పవలెను. గోళ్లు చిట్లి నెత్తురు కారెడిది. 1895లో శిక్షపడిన రచయిత ఆస్కారు వైల్డు చేతులును ఆ పని చేసినవి. ఆ పీచు ఓడలకు ఉపయోగపడినది గదా అందురేమో. ఉపయోగపడినది. నావికుడు చేసినదియు అదే పని. అతనిచేతను కొన్నిసార్లు ఊరకుండనియ్యకూడదనియే చేయించిరి. కాని అతడు ఆ పీచు కూరిన ఓడలోనే నిదురించెను. బీదవానికైతే, మరియొక బీదవాడు ఆ గుమ్మము తొక్కుటకు భయపడవలెనని ఆ పని ఇచ్చిరి. మోకులో పీచైనను వ్యర్థము కాలేదు. మనిషినే వ్యర్థునిగా లెక్కించిరి.

"దీనివలన ఇంకేమి ప్రయోజనము?" అని త్రాటినిగూర్చి అడుగవచ్చును. మన ఇంటి అరుగుమీద కూర్చున్న తాతగారినిగూర్చి అదే ప్రశ్న అడిగినయెడల, జవాబు ఎంత దయగలదైనను ప్రశ్నయే తప్పు. ఆయనకు చేతనైన చిన్న పని అప్పగించుట మంచిదే. ఆ పనియు చేయలేని దినమున ఆయన పీట ఎక్కడ వేయుదుము?

యిర్మీయా గ్రంథము 38వ అధ్యాయములో త్రాళ్లును పాతబట్టలును కలిసివచ్చు సంగతి యొకటి కలదు. ప్రవక్త బురద గోతిలో దిగబడియుండెను. కూషీయుడైన ఎబెద్మెలెకు పైకి లాగుటకు మనుష్యులను తీసికొని వెళ్లెను. వెళ్లుచు రాజగృహములో మూలపడియున్న చింకిపాతలను ఏరుకొనెను. త్రాడు కోసికొనకుండ వాటిని చంకలలో పెట్టుకొనుమని ప్రవక్తతో చెప్పెను. ఆ పాతలను గోతిలోనికి విసరివేయలేదు, త్రాళ్లతో దింపెను. విసరినయెడల అవి బురదలో పడియుండెడివి.