ఒక్క తప్పుతో మనిషిని కొలవొద్దు

మా పేటలో ఒక మాస్టారు ఉన్నారు. ప్రైమరీ స్కూల్లో పనిచేసి రిటైరయ్యారు. మా విహారం కట్టిన రోజు నుంచి ప్రతి పౌర్ణమికీ తాళం తీసింది ఆయనే. త్రిశరణాలు, పంచశీల మాకు నోటికి నేర్పింది ఆయనే. పిల్లలకు సాయంత్రం పూట చదువు చెప్పి ఒక్క రూపాయి తీసుకోలేదు. ఏప్రిల్ 14 వస్తుందంటే చందా పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది కూడా ఆయనే. ఒక ఏడాది, రెండేళ్లు కాదు, ఇరవై ఏళ్ల పైమాట.

ఆయన తల్లి చనిపోయింది. మేనమామలు, అక్కచెల్లెళ్లు చుట్టూ చేరారు. "ముసలమ్మ ఆత్మ ఘోషిస్తుందిరా, నీ బుద్ధుడి సంగతి తర్వాత చూసుకుందువుగాని" అని ఏడ్చారు. పెద్దదినం నాడు మాస్టారు పిండం పెట్టారు.

1956 అక్టోబర్‌లో నాగపూర్ దీక్షలో బాబాసాహెబ్ పలికించిన 22 ప్రతిజ్ఞల్లో శ్రాద్ధం చేయను, పిండం పెట్టను అన్నది ఒకటి. ఆ ప్రతిజ్ఞను మా చేత పలికించింది కూడా ఈ మాస్టారే.

ఇక చూడండి. వారం తిరక్కుండా ఆయనకు "పిండం మాస్టారు" అని పేరు పడింది. వందన చేయించే పని ఇంకొకరికి ఇచ్చేశారు. ఎదురుపడితే తల తిప్పుకున్నారు. ఆయన్ని పిలిచి కూర్చోబెట్టి అడిగినవాడు ఒక్కడూ లేడు. నేనూ అడగలేదు. ఆయన విహారానికి రావడం మానేశారు.

ఆయన చేసింది తప్పే. అందులో రెండో మాట లేదు. మరి మనం చేసిందేమిటి? అది ధమ్మమేనా? ఈ రోజు ఆ సంగతే మాట్లాడుకుందాం.

ఇలా చేయడం మన పేటలకే పరిమితం కాదు. లోకమంతా ఇదే తీరు. ఒక బౌద్ధుడి కథే చెబుతాను వినండి. ఇటలీలో రాబర్టో బాజియో అని గొప్ప ఫుట్‌బాల్ ఆటగాడు. పడుచు వయసులోనే బౌద్ధంలోకి వచ్చాడు. ఆయనది జపాన్‌లో పుట్టిన నిచిరెన్ సంప్రదాయం, మన దారికి కొంచెం వేరు. 1993లో యూరప్‌లో అత్యుత్తమ ఆటగాడిగా బాలన్ డోర్ అందుకున్నాడు. మరుసటి ఏడాది అమెరికాలో ప్రపంచ కప్ జరిగింది. ఓడితే ఇంటికి పోవాల్సిన మ్యాచుల్లో, ఫైనల్ చేరేదాకా, ఇటలీ కొట్టినవి 6 గోల్స్. అందులో 5 ఆయనవే. నైజీరియా చేతిలో దాదాపు ఓడిపోయిన ఆటను చివరి నిమిషాల్లో నిలబెట్టింది ఆయనే.

1994 జూలై 17న బ్రెజిల్‌తో ఫైనల్. ఎవరూ గోల్ కొట్టలేదు. పెనాల్టీ కిక్‌ల దాకా వెళ్లింది. ఇటలీ తరఫున ఐదో కిక్ బాజియోది. బంతి గోల్ పై కడ్డీ మీదుగా ఎగిరిపోయింది. బ్రెజిల్ గెలిచింది. ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని తల వంచుకుని నిలబడ్డ ఆ ఫొటో లోకమంతా తిరిగింది. అప్పటి నుంచి బాజియో అంటే కప్పు పోగొట్టినవాడు అన్నట్టయింది.

అసలు లెక్క చూడండి. ఆయన కంటే ముందు అదే జట్టులో బరేసీ, మస్సారో కూడా గోల్ చేయలేకపోయారు. బాజియో కొట్టి ఉన్నా బ్రెజిల్‌కు ఇంకో కిక్ మిగిలే ఉంది. ఇవన్నీ ఎవరికి గుర్తున్నాయి? చివరగా తన్నినవాడే గుర్తున్నాడు. అక్కడిదాకా మోసుకొచ్చిన 5 గోల్స్ మరుగునపడ్డాయి, ఒక్క కిక్ మిగిలింది. అయినా ఆయన పారిపోలేదు. 1998 ప్రపంచ కప్‌లో చిలీ మీద, ఇటలీ ఓడిపోయేలా ఉన్నప్పుడు, మళ్లీ పెనాల్టీ కిక్ తీసుకుని గోల్ చేశాడు.

ఇప్పుడు తథాగతుడు ఏమన్నాడో చూద్దాం. అంగుత్తర నికాయంలో ఒక ఉపమానం ఉంది. చిన్న గిన్నెడు నీళ్లలో ఒక ఉప్పుగల్లు వేస్తే ఆ నీళ్లు తాగగలమా? లేదు. అదే ఉప్పుగల్లు గంగానదిలో వేస్తే? గంగ ఉప్పగా మారుతుందా? మారదు. శీలం, ప్రజ్ఞ పెంచుకోని మనిషి చేసిన చిన్న తప్పు గిన్నెలో ఉప్పు లాంటిది. వాటిని పెంచుకున్న మనిషి చేసిన అదే తప్పు నదిలో ఉప్పు లాంటిది. తప్పు ఉత్తదే అని దీనర్థం కాదు. ఉప్పు ఎక్కడున్నా ఉప్పే. నీళ్లెన్నో కూడా చూడు అంటున్నాడు బుద్ధుడు. మనం ఉప్పును చూశాం, ఇరవై ఏళ్ల నీళ్లను చూడలేదు.

ఆనందుడి సంగతి మీకు తెలుసు. 25 ఏళ్లు బుద్ధుడి వెంట నీడలా ఉండి సేవ చేశాడు. రాజగృహంలో మొదటి సంగాయన జరిగినప్పుడు సుత్తాలన్నీ తన జ్ఞాపకం నుంచి అప్పజెప్పింది ఆయనే. వినయం అప్పజెప్పింది మంగలి వృత్తి నుంచి వచ్చిన ఉపాలి. ఇంత చేసినా పెద్ద భిక్ఖులు ఆనందుడి మీద తప్పులు మోపారు. చిన్న నియమాలు ఏవో బుద్ధుణ్ని అడగలేదన్నారు. బుద్ధుడి వస్త్రం కుడుతూ కాలితో తొక్కావన్నారు. ఇంకొంత కాలం జీవించమని బుద్ధుణ్ని వేడుకోలేదన్నారు. స్త్రీలను సంఘంలోకి తీసుకోమని ఎందుకు పట్టుబట్టావన్నారు.

ఆనందుడు ఏమన్నాడు? ఇది తప్పని నాకు తోచడం లేదు, అయినా మీ మీద గౌరవంతో ఒప్పుకుంటున్నాను అన్నాడు. గమనించండి, స్త్రీల తరఫున మాట్లాడటం ఆనాడు నేరమైంది. ఈనాడు మన ఆడబిడ్డలు ఆనందుణ్ని తలచుకునేది ఆ పనికే. ఒకప్పుడు తప్పన్నది తర్వాత గొప్ప పని కూడా కావచ్చు.

అసలు విషయం ఆ తర్వాత ఉంది. తప్పులు మోపిన ఆ సంఘమే వెంటనే ఆనందుడికి ఒక బరువైన పని అప్పగించింది. ఛన్నుడు అనే భిక్ఖు అహంకారంతో ఎవరి మాటా వినేవాడు కాదు. బుద్ధుడు చివరి రోజుల్లో అతనికి బ్రహ్మదండం వేయమని చెప్పి వెళ్లాడు. అంటే భిక్ఖులెవరూ అతనితో మాట్లాడకూడదు, బుద్ధి చెప్పకూడదు. ఆ శిక్ష అమలు చేయడానికి ఆనందుణ్ని కోశాంబికి పంపారు. అనాల్సింది ముఖం మీదే అన్నారు. ఒప్పుకోలు విన్నారు. అక్కడితో తప్పుల సంగతి ముగిసింది. మనిషి మీద నమ్మకం ముగియలేదు.

ఛన్నుడు శిక్ష విని స్పృహ తప్పి పడిపోయాడు. తర్వాత ఒంటరిగా కూర్చుని తనను తాను దిద్దుకున్నాడు, అరహంతుడయ్యాడు. శిక్ష ఎత్తేయమని వచ్చి అడిగితే ఆనందుడు చెప్పిందేమిటి? నువ్వు మారిన క్షణంలోనే అది తొలగిపోయింది అన్నాడు.

బంధువులారా, ధమ్మంలో వెలి కూడా ఉంది. కానీ దానికి కారణం చెప్పాలి, దారి చూపాలి, గడువు ఉండాలి. మనిషి మారితే అది పోవాలి. గడువు లేనిది శిక్ష కాదు, ముద్ర.

ముద్ర అంటే ఏమిటో మనకంటే బాగా ఎవరికి తెలుసు? మన తాతముత్తాతలు ఏ నేరం చేశారు? విచారణ ఎక్కడ జరిగింది? శిక్ష ఎప్పుడు ముగుస్తుందని ఎవరన్నా చెప్పారా? కులం అంటే నేరం లేకుండా వేసిన, గడువు లేని శిక్ష. ఈ రోజుకీ మన ఆఫీసరు ఫైల్లో ఒక పొరపాటు చేస్తే "కోటాలో వచ్చినోడు కదా" అంటారు. అదే పొరపాటు పక్క సీటు వాడు చేస్తే "పాపం, పని ఒత్తిడి" అంటారు. ఈ మాట మన గుండెల్లో ఎన్నిసార్లు గుచ్చుకుందో! అలాంటి మనం మన మనిషికే పేరు పెట్టి తలుపు మూస్తే, మన నెత్తిన పెట్టిన ముద్రను మన చేత్తోనే ఇంకొకరికి వేసినట్టు కాదా?

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. విహారం డబ్బు ఏళ్ల తరబడి తినేవాణ్ని, ఇంట్లో భార్యను కొట్టేవాణ్ని "ఒక్క తప్పేలే" అని కాపాడటానికి ఈ మాటలు వాడకండి. అది పొరపాటు కాదు, అలవాటు. అక్కడ దెబ్బ తిన్నవాళ్ల మాటే ముందు వినాలి.

మరి ఏం చేయాలి? భిక్ఖులు వర్షావాసం ముగిసే రోజున పవారణ చేసుకుంటారు. నాలో మీరు చూసిన, విన్న, అనుమానించిన తప్పు ఉంటే చెప్పండి, దిద్దుకుంటాను అని ఒకరినొకరు అడుగుతారు. మనమూ అలాగే చేయొచ్చు. చాటున కాకుండా ఎదురుగా అడగాలి. ఆయన చెప్పేది పూర్తిగా వినాలి. దిద్దుకోవడానికి ఒక పని, ఒక గడువు పెట్టాలి. అది అయ్యాక మళ్లీ ఎత్తకూడదు, పిల్లల ముందు అసలే ఎత్తకూడదు.

మొన్న ఆషాఢ పౌర్ణమికి ముందు మేం నలుగురం మాస్టారింటికి వెళ్లాం. ఆయన మంచం మీద పుస్తకం పెట్టుకుని కూర్చున్నారు. నేను అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "తప్పని తెలిసే చేశాను. చుట్టాల మాట పడలేకపోయాను. ఆ రోజే మీలో ఒక్కరొచ్చి అడిగుంటే ఆ రోజే ఒప్పుకునేవాణ్ని. రెండేళ్లు ఎదురుచూశాను."

మాకు నోట మాట రాలేదు. ఆయన తప్పు ఒక రోజుది. మాది రెండేళ్లది.

ఆ పౌర్ణమికి మాస్టారు అందరి ముందు 22 ప్రతిజ్ఞలు మళ్లీ చదివారు. పిండం ప్రతిజ్ఞ దగ్గర గొంతు ఆగింది, నీళ్లు తాగి మళ్లీ చదివారు. మేమూ ఆయన్ని క్షమించమని అడిగాం. ఇప్పుడు తాళంచెవి మళ్లీ ఆయన దగ్గరే ఉంది. అయినా ఇద్దరు ముగ్గురు ఇంకా "పిండం మాస్టారు" అంటూనే ఉన్నారు. వాళ్లు కూడా మనవాళ్లే. ఈ పుస్తకం వాళ్ల ఇంటికి కూడా ఒకటి ఇచ్చి రండి.

నమో బుద్ధాయ! జై భీమ్!