కాగితము సాక్షి యగునా?

నేరము మోపబడినవాడు తనకు వ్యతిరేకముగ సాక్ష్యము చెప్పువారిని ఎదుట నిలిపి ప్రశ్నింపవచ్చునని అమెరికా రాజ్యాంగమున 1791లో చేరిన ఆరవ సవరణ చెప్పుచున్నది. కంటితో చూచిన సాక్షి విషయమున ఈ హక్కును కాదనువారు లేరు. కాని ప్రయోగశాలలో కూర్చుండి, పొట్లములోని పొడి కొకెయినని వ్రాసి చేవ్రాలు చేసిన పరీక్షకుడు సాక్షియా, కాడా? శాస్త్రమునకు పక్షపాతము లేదు గదా, అతనిని బోనెక్కించుట యెందులకని కొంద రడుగుదురు.

మసాచుసెట్సు రాష్ట్రపు వ్యాజ్యమొకటి ఈ ప్రశ్నను సుప్రీముకోర్టునకు కొనిపోయినది. ఆ పత్రము సాక్ష్యమే యనియు, ప్రతివాది కోరినచో వ్రాసినవాడు వచ్చి ప్రశ్నలకు లోబడవలసినదే యనియు 2009లో ఐదుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. పరీక్షకులు తమ పని విడిచి కోర్టుల చుట్టు తిరుగవలసి వచ్చునని తక్కిన నలుగురు ఆక్షేపించిరి.

ఈ ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. అయినను శాస్త్రమునకు పక్షపాతము లేకున్నను, పరీక్ష చేయు చేతికి అలసట కలదు, తొందర కలదు, కీర్తికాంక్ష కలదు. అదే రాష్ట్రమున ఒక పరీక్షకురాలు అనేక పొట్లములను పరీక్షింపకయే, చూపుమాత్రమున ఫలితములు వ్రాసినట్లు 2012లో బయటపడినది. 2017లో 21,000కు పైగా వ్యాజ్యములు కొట్టివేయబడినవి. అప్పటికే పలువురు శిక్ష ననుభవించి యుండిరి. పోయిన కాలమును వారి కెవరు తెచ్చి యీయగలరు?

ఆమెయు పలుమారులు బోనెక్కినదే, ప్రశ్నల వలన ప్రయోజన మేమని యనవచ్చును. గొళ్ళెము వేసిన యింటను దొంగలు పడుదురు. అంతమాత్రమున గొళ్ళెము నూడదీసికొందుమా? మనిషి ముఖము తొట్రుపడవచ్చును, మాట తడబడవచ్చును. కాగితము తడబడదు, అడిగినదానికి బదులు చెప్పదు.

మన దేశమున 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడును, దాని స్థానమున 2024లో అమలునకు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితయు, ప్రభుత్వ శాస్త్రనిపుణుని నివేదికను అతడు రాకయే సాక్ష్యముగ గైకొన నిచ్చుచున్నవి. పిలిపించుట న్యాయస్థానము ఇష్టము. అనగా అచట ప్రతివాది హక్కైనది ఇచట న్యాయమూర్తి విచక్షణమున నున్నది. విచక్షణము దొడ్డదే, కాని ప్రశ్నించుటకు ధనమును ధైర్యమును లేని పేదకు అనుగ్రహము కంటె హక్కే మేలు. ఒకని స్వేచ్ఛను హరింపగల మాట వ్రాసినవాడు, అతడు కోరినప్పుడు అతని ముఖము చూచి ఆ మాటనే పలుకుట న్యాయము కాదా?