ఆచార్యకృపకు అర్హత యేమి?

శ్రీవైష్ణవ గురుపరంపరలో ఒక వృత్తాంతము కలదు. భగవద్రామానుజులు ఒక మూగవానిని ఏకాంతమునకు గొనిపోయి, తమ పాదములే శరణ్యమని సైగతో తెలిపి అనుగ్రహించిరి. తలుపుసందునుండి చూచిన కూరత్తాళ్వాన్, తన విద్యయే తనకు అడ్డమైనదని పరితపించిరట. శరణాగతికి పాండిత్యము అర్హత కాదని దీని తాత్పర్యము.

పలుకలేనివానికి లభించిన కృప, బుద్ధివికాసము కొరవడిన బిడ్డకు లభింపదా? అట్టి బిడ్డను పూర్వజన్మ పాపఫలమని నిందించుట వైష్ణవధర్మమగునా? ఆ మాటకు వెఱచి తల్లి ఉత్సవములకు రాదు, తీర్థయాత్రకు పోదు. తమ తరువాత వీనికి దిక్కెవరను చింత ఆమెను వీడదు.

ఈ చింతకు లోకమున ఉపాయములు కలవు. 1984లో సికింద్రాబాదున నెలకొన్న జాతీయ సంస్థలో స్నానము, వస్త్రధారణ వంటి పనులను చిన్న చిన్న మెట్లుగా విభజించి నేర్పుదురు. తల్లిదండ్రులకును శిక్షణ నిత్తురు. మన బచ్చన్నపేట గృహస్థులకు అది ఒక పూట ప్రయాణమే. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము ననుసరించి, 18 ఏండ్లు నిండినవారికి సంరక్షకుని నియమింపుమని స్థానిక సమితిని కోరవచ్చును.

ఇరుగుపొరుగువారు చేయదగినది మరింత సులభము. ఆ బిడ్డను చేయిపట్టి కోవెలకు తోడ్కొని పొండు. తీర్థము, శఠారి అందఱితోపాటు ఇప్పింపుడు. ఆ పూట తల్లిని విశ్రమింపనిండు. అదియును భాగవత కైంకర్యమే.