పట్టికలో చివరి పేరు

ర్యాంకు కార్డు చేతికొచ్చి, వెబ్ ఆప్షన్ల గడువు దగ్గరపడే రోజుల్లో జనగామలోనైనా, మానుకోటలోనైనా, భూపాలపల్లిలోనైనా ఏదో ఒక ఇంట్లో ఒక కాగితం కనిపిస్తుంది. నోటుబుక్కులోంచి చింపిన కాగితం. దాని మీద కళాశాలల పేర్లు, నాలుగక్షరాల కోడ్‌లు, కొట్టివేతలు, మేనమామ వేరే ఇంకుతో రాసిపోయిన మరో రెండు పేర్లు. తల్లిదండ్రులారా, ఆ కాగితాన్ని తేలికగా చూడకండి. పదిహేడేళ్ల బిడ్డ తన గురించి తాను మొదటిసారి నిజం రాసుకునే చోటు అది. ఆ నిజం రాసే ధైర్యం ఇవ్వవలసింది మీరు.

ముందు ఆ పద్ధతి ఎలా నడుస్తుందో తెలుసుకోండి. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో మంచి ర్యాంకు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి పట్టికను పైనుంచి కిందికి చూస్తారు. మీ బిడ్డ వంతు వచ్చేసరికి రిజర్వేషన్ లెక్కలో ఏ సీట్లు మిగిలాయో, వాటిలో ఏది పట్టికలో అన్నిటికన్నా పైన ఉందో అది ఇస్తారు. అందని దాన్ని మొదట రాస్తే అందేది కూడా పోతుందన్న భయం ఊరూరా ఉంది. అది వట్టి భయం. మనసుకు నచ్చనిదాన్ని నచ్చినదానికి పైన రాసినవాడే నష్టపోతాడు. నాలుగైదు పేర్లతో సరిపెట్టినవాడు ఒట్టి చేతులతో మిగిలిపోవచ్చు.

కాబట్టి పై వరుసల్లో కోరికను దాచుకోనక్కరలేదు. జనగామలో రైలెక్కితే గంటలోపే కాజీపేట. అక్కడే 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన రీజనల్ ఇంజనీరింగ్ కళాశాల ఉంది, నేటి ఎన్‌ఐటీ. అందులో సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలవే. జేఈఈ రాసిన బిడ్డ దాని కౌన్సెలింగ్ పట్టికలో ఆ పేరు అడగడానికి ఎందుకు సిగ్గుపడాలి? నడిమి వరుసలకు మాత్రం కోరిక చాలదు, ఓపిక కావాలి. నిరుటి చివరి ర్యాంకుల జాబితా తెరిచి, మీ కేటగిరీ, అబ్బాయా అమ్మాయా, ఏ బ్రాంచి అన్నది చూసి, ఆ గడిలోని అంకెను బిడ్డ ర్యాంకు పక్కన పెట్టండి. 1929 నాటి ఉస్మానియా ఇంజనీరింగ్ కళాశాలైనా, వరంగల్లులో 1980 నుంచి ఉన్న కిట్స్ అయినా, కాకతీయ విశ్వవిద్యాలయం సొంత కళాశాలలైనా ఆ అంకె ముందు ఒక్కటే. అది ఏటేటా కొంత అటూ ఇటూ జరుగుతుంది, అందుకే ఒక్క పేరు మీద ఆశ పెట్టుకోరాదు.

ఇక అడుగు వరుసలు. నేను చెప్పదలచుకున్నదంతా అక్కడే ఉంది. చాలా ఇళ్లలో ఆ వరుసలను ఎవరూ చదవరు. గడులు నింపాలి గనుక నింపుతారు. ఎవరూ చూడని కళాశాల, ఎవరికీ అక్కరలేని బ్రాంచి, పోయి రావడానికి బస్సు లేని చోటు. ఆ ఏడు పోటీ పెరిగితే బిడ్డకు దక్కేది సరిగ్గా అదే. అప్పుడు ఇల్లంతా ఆ బిడ్డను ఓడినవాణ్ణి చూసినట్టు చూస్తుంది. తప్పు బిడ్డది కాదు. ఆ పేరును చూడకుండా రాయనిచ్చిన పెద్దలది.

మానుకోట దగ్గరి ఒక మిరప రైతు బిడ్డ రాసుకున్న కాగితం నేను పక్కన కూర్చుని చూశాను. ఒక పక్క ఇంజనీరింగ్, వెనక పక్క దోస్త్‌లో పెట్టబోయే డిగ్రీ. తండ్రి ఒక్కో పేరు కింద వేలు పెట్టి చదివించుకుంటూ వచ్చాడు. కాయలు కోసీ కోసీ ఆ వేలి గోటి అంచు ఎర్రబారి ఉంది. ఆఖరి పేరు దగ్గర ఆ వేలు ఆగింది.

“దీన్నెందుకు రాసినవ్ బిడ్డా?”

“అది వచ్చినా పోత నాయినా. హనుమకొండ సర్కారు కాలేజే. పొయ్యి ల్యాబు సూసొచ్చిన. పొద్దుగాల రైలుకు పోతే మాపటికి ఇంటికస్త.”

తండ్రి ఇంకేమీ అడగలేదు. వేలు తీసి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి మొదటి పేరు రాయడానికి ఎంత ఆలోచించిందో చివరి పేరుకూ అంతే ఆలోచించింది. ఆ పని ప్రతి ఇంట్లో జరగాలి.

ఈ మాట అనే అర్హత నాకు ఒక తప్పు చేశాక వచ్చింది. మా బంధువుల పిల్లవాడు ఒకడు, తండ్రిది భూపాలపల్లి గనుల్లో ఉద్యోగం. వాడు మైనింగ్ చదువుతానన్నాడు. కొత్తగూడెంలో 1978లో మొదలైన మైనింగ్ కళాశాల పేరు వాడే చెప్పాడు. అది ఇప్పుడు మన్మోహన్ సింగ్ పేరిట భూవిజ్ఞానాల విశ్వవిద్యాలయమైంది. నేను కలం లాక్కుని పైనుంచి కింది దాకా కంప్యూటర్ సైన్సే రాయించాను. వాడు ఎదురు చెప్పలేదు. నాలుగేళ్లూ నా పట్టికనే చదివాడు. పెద్దరికం అంటే సలహా చెప్పి కలం బిడ్డకు తిరిగి ఇవ్వడమని నాకు ఆలస్యంగా తెలిసింది.

వైద్యం కోరే పిల్లలకు ఈ మూడూళ్లలోనే కొత్త దారులు పడ్డాయి. 2022లో మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో 150 సీట్లతో, 2023లో జనగామలో, భూపాలపల్లిలో చెరి నూరు సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరిచారు. సొంతూరి కళాశాల అని చిన్నచూపు వద్దు. సొంతూరు గదా అని కళ్లు మూసుకొని పైన రాయడమూ వద్దు. ఆసుపత్రికి రోజూ ఎందరు వస్తున్నారో, పాఠం చెప్పేవారు ఎందరున్నారో వెళ్లి కనుక్కోండి. తండాల పిల్లలకు మరొక మాట. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2024లో తరగతులు మొదలుపెట్టింది. దానికి సీయూఈటీ రాయాలి, ఆ గడువు ముందే ముగుస్తుంది.

డబ్బు సంగతి బిడ్డ దగ్గర దాచకండి. ఇంజనీరింగ్‌లో ఆదాయ పరిమితికి లోబడిన బీసీ, ఈబీసీ పిల్లలకు ర్యాంకు 10,000 లోపు ఉంటే ట్యూషన్ ఫీజంతా సర్కారుది. ఆ పైన సాధారణంగా ఏడాదికి 35,000 రూపాయల వరకే, మిగిలింది ఇంటి మీద పడుతుంది. ఫీజు బకాయిలు రాలేదని కళాశాలలు సర్టిఫికెట్లు ఆపిన రోజులూ చూశాం. “నీకెందుకు, నువ్వు చదువుకో” అనడం ప్రేమలాగే వినిపిస్తుంది. మూడో ఏట అప్పులవాడు గుమ్మంలో నిలబడ్డప్పుడు ఆ బిడ్డ పడే బాధకు మాత్రం ఆ ప్రేమే కారణం. ఎంత కట్టగలరో అంకె చెప్పండి, పట్టిక దాన్ని బట్టి రాసుకోనివ్వండి.

ఆడపిల్లల పట్టికలు ఊరి పొలిమేర దాటకపోవడం నన్ను ఎక్కువగా కలచివేస్తుంది. పాలకుర్తిలో తన పొలం గింజల కోసం విసునూరు దొరకు ఎదురు నిలిచిన చాకలి ఐలమ్మ ఈ జనగామ నేల మనిషే. కోఠిలో 1924 నుంచి ఉన్న మహిళా కళాశాల నేడు ఆమె పేరిట విశ్వవిద్యాలయం. పాలకుర్తి పిల్ల అక్కడ చదువుతానంటే “అంత దూరమా” అనే ముందు ఆ పేరును ఒక్కసారి తలచుకోండి.

ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఏ కళాశాల ఏజెంటు ఇంటికొచ్చి తియ్యగా మాట్లాడినా హాల్‌టికెట్ నంబరు గానీ, ఫోనుకొచ్చే ఓటీపీ గానీ చెప్పకండి. మీ బిడ్డ పేరు మీద మరొకడు పట్టిక నింపేది ఆ అంకెలతోనే.

బిడ్డా, ఇక నీతో ఒక్క మాట. ఆప్షన్లు ఫ్రీజ్ చేసే ముందు రోజు రాత్రి మీ అమ్మ దగ్గర కూర్చో. ఆమెకు ఇంగ్లిషు రాకపోవచ్చు, ఆ కోడ్‌లు అర్థం కాకపోవచ్చు. అయినా మొదటి పేరు నుంచి చదివి వినిపించు, ఒక్కోదాని దగ్గర ఎందుకు రాశావో చెప్పు. చెబుతున్నప్పుడు ఏ పేరు దగ్గర నీ గొంతు తడబడిందో చూసుకో. కలం తీసుకొని దాన్ని మార్చు, మార్చినదాన్ని మళ్లీ ఆమెకే చదివి వినిపించు.