బోరులో నీళ్లు, దేవుని దయ



ఒక కోతపండుగనాడు కోసిగి ప్రాంతమందలి సంఘములో ప్రసంగించుచు, బండినిండ పంట కానుకగా తెచ్చిన రైతును చూపి, "దేవుని దయ ఈ యింటిమీద ఉన్నది" అంటిని. ఆరాధన ముగిసిన తరువాత ఒక అవ్వ నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఆయప్ప బోరులో నీళ్లుంటే దేవుని దయ అంటిరి. మా బోరు ఎండిపాయె. కొడుకూ కోడలూ సుగ్గికి పోతాండారు. మామీద దేవునికి కోపమా?" అని అడిగెను. సెమినరీలో నేర్చిన మాట ఒకటియు నా నోటికి రాలేదు.

కలిమి దేవుని దయకు గురుతైనచో, లేమి ఆయన కోపమునకు గురుతు కావలెను. యోబు స్నేహితులు తలంచినది ఇదే. దేవుడు వారిని గద్దించెను. తల వాల్చుకొన చోటులేని మన ప్రభువుమీద తండ్రికి దయ లేదందుమా? అట్లని లేమిలో పుణ్యమున్నదనియు చెప్పను. ఆకలి ఎవరికిని మేలు కాదు. కలిమి మన మంచితనమునకు దొరికిన బహుమానము కాదు. అది గృహనిర్వాహకుని చేతికిచ్చిన పరుల సొమ్ము. దానికి లెక్క చెప్పవలసియున్నది.

పెద్దలు ధాత కరవు అని చెప్పుకొనిన 1876-78 సంవత్సరముల కరవులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఘోరముగా నలిగిపోయెను. నాడు కోసిగి బళ్లారి జిల్లాలోనిది. ఆ కాలమున ఒంగోలులో నున్న బాప్తిస్టు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు పూర్వము సర్వేపని నేర్చినవారు. ఆయన బకింగ్‌హాము కాలువలో సుమారు మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని, తన బోధకులను మేస్త్రీలుగా నిలిపి, ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. అనేకులు బాప్తిస్మము కోరిరి. కూటికొరకు ఎవరును క్రీస్తునొద్దకు రాకూడదని, కరవు పని నడచినంత కాలము ఆయన ఇయ్యలేదు. పిమ్మట 1878 జూలై 3న ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము గొప్పగా చెప్పుకొందుము. నాకైతే, అన్నము పెట్టి ప్రతిఫలము కోరకుండుటయే అంతకంటె గొప్ప సాక్ష్యముగా తోచుచున్నది.

మనము కానుక పళ్లెములో వేసి పేరు చదివించుకొందుము. సహాయము చేసి, వారు మన మాట వినవలెనందుము. ఇది సేవయా, బేరమా?

మరుసటి వారము నేను ఆ అవ్వ ఇంటికి పోయి, నా మాట తప్పని ఒప్పుకొంటిని. ఆమె నవ్వి, "మాట సరే అయ్యగారూ, నా మనుమరాలు బడి మానకుండా ఏమైనా చూడండి" అనెను.

నేటికిని మన పల్లెలనుండి కుటుంబములు మిరప కోతకు, పత్తి తీతకు గుంటూరు వైపు పోవుచున్నవి. బిడ్డల బడి ఆగిపోవుచున్నది. బోరులో నీళ్లున్న అన్నలారా, తాళము పడిన పొరుగింటి బిడ్డకు రాత్రి ఒక ముద్దయు, పండుకొన చాపయు మన ఇంట దొరకునా? దేవుని దయ ఎవరిమీద నున్నదని ఇక అడుగవద్దు. అది మన చేతిమీదుగా ఎవరికి చేరినదని అడుగుకొందము.

అట్టి మనస్సు ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.