ఓర్పు ఎవరిది? నిర్ణయం ఎవరిది?

జబ్బు చేసినప్పుడు వైద్యుని దగ్గరకు పరుగెత్తడం అల్లాహ్‌పై నమ్మకం లేకపోవడమేనా? ఈ ప్రశ్నను మన ఇళ్ళల్లో ఎవరూ పైకి అడగరు. కానీ మంచాన పడిన మనిషి చుట్టూ అది తిరుగుతూనే ఉంటుంది.

మూర్ఛతో బాధపడే ఒక మహిళ దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి దుఆ చేయమని కోరిన ఉదంతం సహీహ్ బుఖారీలో ఉంది. ఓర్పు వహిస్తే స్వర్గం ఉందని, కావాలంటే స్వస్థత కోసం దుఆ చేస్తానని ఆయన చెప్పారు. ఆమె ఓర్పునే కోరుకుంది. మూర్ఛలో ఒంటిమీది వస్త్రం తొలగకుండా ఉండేందుకు మాత్రం దుఆ చేయించుకుంది. దీన్ని చూపి "మందులెందుకు?" అనేవారున్నారు. చికిత్స మానుకోవడమే మేలని హంబలీ పండితులు అన్న మాటా నిజమే. అయితే ఆ మహిళకు తన బాధేమిటో తెలుసు. ఎంచుకున్నదీ ఆమే.

మరి మన దగ్గర? కోడలు ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోతుంది. "గాలి సోకింది" అని అత్తగారు తేల్చేస్తారు. తావీజులతో నెలలు గడుస్తాయి. ఆ ఓర్పు కోడలు ఎంచుకున్నది కాదు, ఇతరులు ఆమె నెత్తిన రుద్దినది. అసలు జబ్బేమిటో ఇంకా ఎవరికీ తెలియదు!

పుర్రె మూసిన ఎముకల పెట్టె లాంటిది. లోపల కణితి పెరిగితే దానికి చోటుండదు, మెదడుపై ఒత్తిడి పెరుగుతుంది. అందుకే కొందరిలో తెల్లవారుజామున తలనొప్పి ఎక్కువై వాంతులవుతాయి. పెద్దవారిలో తొలిసారిగా మూర్ఛ రావడం, చూపు మసకబారడం, ఒకవైపు చేయి కాలు బలహీనపడటం, మాట తడబడటం, స్వభావం మారిపోవడం - ఇవన్నీ వెంటనే చూపించుకోవలసిన లక్షణాలే. తలనొప్పులన్నీ కణితి వల్ల రావు, కణితులన్నీ క్యాన్సరూ కావు. మెదడు పొరల్లో పుట్టే మెనింజియోమా చాలావరకు నెమ్మదిగా పెరిగేదే. తేల్చేది ఎం.ఆర్.ఐ. వంటి స్కానింగే తప్ప మన ఊహ కాదు. మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళంచెవులు పెట్టడం మాని, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

చికిత్స చేయించుకోవాలా అని పల్లెవాసులైన అరబ్బులు అడిగితే, చేయించుకోమనీ, వృద్ధాప్యానికి తప్ప ప్రతి జబ్బుకూ అల్లాహ్ మందు ఉంచాడనీ ప్రవక్త (స) చెప్పారు. ఉసామా బిన్ షరీక్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు అబూదావూద్, తిర్మిజీలలో ఉంది. ఫాతిహా చదివి ఊదడాన్ని ఎవరూ కాదనరు. అది ఆసుపత్రికి వెళ్ళే దారిలోనూ చదవవచ్చు.

కణితి ముదిరి, ఆపరేషన్ వల్ల మేలు కన్నా కీడే ఎక్కువని వైద్యుని నోట విన్నాక, "ఇక చాలు, ఇంట్లోనే ఉంటాను" అనే రోగి ఉండవచ్చు. ఆ మాట అనే హక్కు ఆ రోగిది. అప్పుడు నొప్పికి మందులివ్వడం, వుజూకు నీళ్ళందించడం, కూర్చోలేకపోతే పడుకునే సైగలతో నమాజు చేసుకోవడానికి ఖిబ్లా వైపు తిప్పడం ఇంటివారి పని.