ఆగడం, ఆపడం, మానడం: ఆంగ్ల క్రియాపదాలు, నైతిక కర్తృత్వం

ప్రవేశిక

ఏ పనికైనా మొదలు, నడక, ముగింపు ఉంటాయి. వీటిని తెలిపే పదాలు ప్రతి భాషలోనూ నిత్యవ్యవహారంలో ఉన్నవే. అందువల్ల వాటి అర్థం ప్రత్యేక పరిశీలన కోరేంత జటిలమైనదిగా తోచదు. ఆంగ్లంలో బిగిన్, స్టార్ట్, కంటిన్యూ, కీప్, స్టాప్, ఫినిష్ ఈ కోవకు చెందిన క్రియలు. అయితే స్పృహ తిరిగి వచ్చే ఆశ లేని రోగి ప్రాణం వైద్య సహాయం మీద నిలిచి ఉన్నప్పుడు, ఆ సహాయాన్ని కొనసాగించాలా వద్దా అన్న వివాదంలో నిర్ణయ భారాన్ని మోసేవి ఈ పదాలే. చికిత్సను మొదలుపెట్టకపోవడం, మొదలుపెట్టిన చికిత్సను నిలిపివేయడం నైతికంగా సమానమేనా? నిలిపివేసిన వ్యక్తి మరణానికి కర్త అవుతాడా? 'స్టాప్' అనే ఒక్క పదం రెండు భిన్న వ్యాపారాలను తనలో ఇముడ్చుకొన్నందువల్ల ఈ ప్రశ్నలు మరింత చిక్కుపడ్డాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ రెండింటినీ విడదీస్తే సమస్య తీరదు. కాని దేనిని గురించి వాదిస్తున్నామో తెలుస్తుంది.

ఆంగ్ల పదాల అర్థభేదాలు

పర్యాయాలుగా కనిపించే ఈ క్రియలు పరస్పరం మారకం కావు. 'స్టార్ట్' పదానికి ప్రాచీనార్థం ఉలికిపడి కదలడం, ఎగరడం. ప్రారంభించడమనే అర్థం తరవాతి కాలానిది. అందుకే ఆంగ్లంలో మోటారు వాహనాన్ని 'స్టార్ట్' చేస్తారు గాని 'బిగిన్' చేయరు. నిశ్చలంగా ఉన్నదానికి చలనమివ్వడం మొదటిదాని స్వభావం. ఒక క్రమంలోని తొలి భాగాన్ని చేపట్టడం రెండవదాని స్వభావం. 1979లో ఈ క్రియలపై గ్రంథం ప్రచురించిన ఆలిస్ ఫ్రీడ్ ఒక సంఘటనను పూర్వారంభం, మధ్యభాగం, అంత్యభాగం అని విభజించి, ఏ క్రియ ఏ భాగాన్ని తాకుతుందో పరిశీలించారు.

కొనసాగింపును తెలిపే పదాలలోనూ ఇటువంటి భేదం ఉంది. 'కంటిన్యూ' అన్నప్పుడు పని తన దారిన తాను సాగవచ్చు. వాన కొనసాగుతుంది, యుద్ధం కొనసాగుతుంది. 'కీప్' అలా కాదు. కాపాడడం, పట్టి ఉంచడం దాని మూలార్థాలు. ఒక మనిషిని బ్రతికించి ఉంచడాన్ని ఆంగ్లం 'కీప్' అనే క్రియతోనే చెబుతుంది. పట్టిన చేయి వదిలితే ఉన్న స్థితి ఉండదన్న సూచన అందులో ఉంది. చికిత్స కొనసాగుతున్నదని అంటే కర్త కనుమరుగవుతాడు; ప్రాణం నిలుపుతున్నారని అంటే ప్రతిక్షణం ఎవరో ఒకరు శ్రమిస్తున్నారని తెలుస్తుంది.

ముగింపును తెలిపే పదాలలో 'స్టాప్', 'ఫినిష్' పదాల మధ్య అంతరం ముఖ్యమైనది. గోడకు రంగు వేయడం 'ఫినిష్' అయిందంటే గోడంతా రంగు పడింది. 'స్టాప్' అయిందంటే, చాలావరకు, పని మిగిలే ఉంది. అంతేకాక, 'స్టాప్' పదం అంతకుముందు ఆ పని జరుగుతూ ఉండినదని ముందే అంగీకరింపజేస్తుంది. తండ్రిని కొట్టడం మానావా అని అలెక్సైనస్ ప్రశ్నించగా, తాను కొట్టనూ లేదు, మాననూ లేదు అని మెనెడీమస్ బదులిచ్చినట్లు డయొజినీస్ లాయర్టియస్ నమోదు చేశాడు. అవునన్నా కాదన్నా నేరాన్ని ఒప్పుకొన్నట్లే అయ్యే ఆ ప్రశ్నలోని ఉచ్చు ఈ పదస్వభావంలోనే ఉంది. చికిత్స విషయంలోనూ, 'మొదలుపెట్టలేదు' అన్నవారి వెనుక వారి పని ఏదీ ఉండదు; 'ఆపారు' అన్నవారి వెనుక వారు చేస్తూ వచ్చిన పని నిలిచి ఉంటుంది. రెండవ సందర్భంలో మనసుకు కలిగే బరువుకు ఇది ఒక కారణం.

ముగింపు గల పనులు, ముగింపు లేని పనులు

'ఫినిష్' పదం అన్ని క్రియలతోనూ పొసగకపోవడానికి కారణాన్ని అరిస్టాటిల్ తన మెటాఫిజిక్స్ తొమ్మిదవ భాగంలో చూపాడు. చూస్తున్నవాడు ఆ క్షణానికే చూసినవాడు కూడా అవుతాడు. చక్కగా జీవిస్తున్నవాడు అప్పటికే చక్కగా జీవించినవాడు. కాని ఇల్లు కడుతున్నవాడు ఇల్లు కట్టినవాడు కాడు. మొదటి తరగతి పనులకు ఫలం తమలోనే ఉంది. రెండవ తరగతి పనులకు ఫలం చివర ఉంది. స్వస్థత పొందుతూ ఉండడాన్ని ఆయన ఈ రెండవ తరగతికి ఉదాహరణగా చెప్పడం ఇక్కడ గమనార్హం. 1957లో జీనో వెండ్లర్, 1963లో ఆంథొనీ కెన్నీ ఈ విభజనను ఆంగ్ల క్రియల విశ్లేషణకు అన్వయించి విస్తరించారు. నడవడం వంటి పనిని మధ్యలో ఆపినా నడిచినట్లే. వంతెన కట్టడం వంటి పనిని మధ్యలో ఆపితే వంతెన కట్టినట్లు కాదు.

ఈ విభజనను వైద్యానికి అన్వయిస్తే ఒక విషయం తేలుతుంది. స్వస్థపరచడం చివర ఫలం గల పని. ఆ ఫలం అసాధ్యమైన తరవాత చికిత్స పూర్తి కావడమంటూ ఉండదు. అది సాగాలి లేదా ఆగాలి. ఈ స్థితిలో దాన్ని ఎప్పుడు ఆపినా, ఎవరు ఆపినా, 'స్టాప్' పదం అసంపూర్ణతను ధ్వనిస్తూనే ఉంటుంది. పూర్తి చేయగలిగిన పనిని విడిచిపెట్టిన అపరాధమూ, పూర్తి కావడానికి వీలులేని పనిని విరమించిన దుఃఖమూ ఆ ఒక్క మాటలో కలిసిపోతాయి.

'స్టాప్' పదంలోని రెండు వ్యాపారాలు

'స్టాప్' పదానికి తొలి అర్థం రంధ్రాన్ని పూడ్చడం, దారిని మూయడం. అంటే అది మొదట తనకు వెలుపల ఉన్నదానిపై చేసే పని. ప్రవాహానికి అడ్డుకట్ట వేయడం నుంచి చలనాన్ని నిరోధించడం, అక్కడి నుంచి తాను చేస్తున్న పనిని తానే చాలించడం వరకు అర్థం విస్తరించింది. ఆధునికాంగ్లంలో ఈ పదం గడియారం దానంతటది ఆగిందని చెప్పడానికీ, ఎవరో గడియారాన్ని ఆపారని చెప్పడానికీ, ఒకడు పొగతాగడం మానాడని చెప్పడానికీ సరిపోతుంది. వాక్యనిర్మాణం ఈ మూడింటినీ కొంతవరకు వేరుచేస్తుంది, పదం వేరుచేయదు.

తెలుగులో ఇక్కడ మూడు ధాతువులున్నాయి: ఆగు, ఆపు, మాను. మొదటి రెండూ అకర్మక సకర్మకాల జంట. బండి ఆగింది అనడానికీ, బండి ఆపారు అనడానికీ ఉన్న తేడాను తెలుగు వక్త ప్రతిసారీ ఎంచుకొనే చెప్పాలి. మూడవది వీటికి భిన్నం. నేటి వ్యవహారంలో ఒక పనిని 'మానినవాడు' ఆ పని చేస్తూ వచ్చినవాడే కావాలి. ఒకరు తాగుడు మానితే రెండవవారు వారిచేత మాన్పించగలరు గాని వారి బదులు మానలేరు. 'ఆపు' ధాతువుకు ఈ నియమం లేదు. సొంత మాటలనూ ఆపవచ్చు, ఎదుటివారి మాటలనూ ఆపవచ్చు. కనుక 'మాను' ధాతువు స్టాప్ పదం కప్పివేసిన ఒక అర్థాన్ని విడిగా చూపుతున్నది: తన పనిని తాను విరమించడం.

దీనివల్ల తెలుగు ఆంగ్లం కంటే నైతికంగా స్పష్టమైన భాష అని తీర్మానించడం పొరపాటు. 'నిలుపు' అనే ధాతువునే చూడవచ్చు. బండిని నిలపడమంటే ఆపడం. ప్రాణాన్ని నిలపడమంటే పోకుండా కాపాడడం. చికిత్సను నిలిపినవారూ, ప్రాణాన్ని నిలిపినవారూ పరస్పర విరుద్ధమైన పనులు చేసినవారైనా క్రియ ఒక్కటే. ప్రతి భాషా కొన్ని భేదాలను చూపి కొన్నింటిని దాస్తుంది. రెండు భాషలను పక్కపక్కన ఉంచి చూడడంలోని ప్రయోజనం అదే.

బ్లాండ్ తీర్పు

ఈ భేదం న్యాయస్థానంలో పరీక్షకు వచ్చిన సందర్భం ఇంగ్లండులో ఉంది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డులోని హిల్స్‌బరో ఫుట్‌బాల్ మైదానంలో జరిగిన తొక్కిసలాటలో ఆంథొనీ బ్లాండ్ అనే యువకుడి మెదడు ప్రాణవాయువు అందక తీవ్రంగా దెబ్బతిన్నది. తానే శ్వాసిస్తున్నా, ఎరుక పూర్తిగా పోయింది. ఆహారం గొట్టం ద్వారా అందించేవారు. ఆ ఆహారాన్నీ, ఇతర చికిత్సనూ విరమించడం చట్టసమ్మతమేనని ప్రకటించాలని వైద్యశాల కోరగా, హౌస్ ఆఫ్ లార్డ్స్ 1993 ఫిబ్రవరి 4న ఏకగ్రీవంగా అంగీకరించింది. మార్చి 3న ఆయన మరణించాడు.

తీర్పులో లార్డ్ గాఫ్ వాదం ప్రస్తుత చర్చకు కీలకం. ప్రాణాధార చికిత్సను వైద్యుడు విరమించడం, సారాంశంలో, దాన్ని మొదట ప్రారంభించకపోవడం వంటిదేనని ఆయన భావించారు. రెండు సందర్భాల్లోనూ రోగి అంతకుముందే ఉన్న వ్యాధిస్థితి వల్ల మరణిస్తాడు. అయితే బయటివాడొకడు దురుద్దేశంతో వచ్చి యంత్రాన్ని కట్టివేస్తే అది వేరు. వాడు వైద్యుడు చేస్తున్న పనిని అడ్డుకొన్నవాడు. మీట నొక్కిన చేతి కదలిక రెండు చోట్లా ఒకటే. తేడా కదలికలో లేదు; సాగుతూ వచ్చిన పని ఎవరిదన్న దానిలో ఉంది. తెలుగులో చెప్పాలంటే వైద్యుడు మానాడు, ఆగంతకుడు ఆపాడు.

ఈ వాదం అందరికీ తృప్తినివ్వలేదు. ఫలితంతో ఏకీభవించిన లార్డ్ మస్టిల్ కూడా, చేయడానికీ చేయకపోవడానికీ మధ్య చట్టం గీసిన గీతకు ఇక్కడ నైతికమైన ఆధారం కనిపించదని అంగీకరించారు.

రెండు ఆక్షేపణలు

మొదటి ఆక్షేపణ: సొంత పనిని మానడం దానంతటదే నిర్దోషమైతే, పసిబిడ్డకు పాలివ్వడం మానిన తల్లి కూడా నిర్దోషి కావాలి. ఈ ఆక్షేపణ బలమైనది. మానడం, ఆపడం అనే భేదం కర్తృత్వాన్ని నిర్ణయిస్తుంది గాని కర్తవ్యాన్ని నిర్ణయించదు. మానే హక్కు ఉండాలంటే కొనసాగించవలసిన విధి తీరిపోయి ఉండాలి. బ్లాండ్ తీర్పు కూడా, రోగికి ఏ ప్రయోజనమూ లేని చికిత్సను కొనసాగించే విధి వైద్యుడికి లేదన్న నిర్ణయం మీదనే నిలబడింది. పదవిశ్లేషణ చేయగలిగినదల్లా వాదాన్ని దాని అసలు స్థానానికి చేర్చడమే.

రెండవ ఆక్షేపణ యంత్రాల వైపు నుంచి వస్తుంది. గొట్టం ద్వారా ఆహారమివ్వడానికి ప్రతిదినం చేతులు కావాలి. దాన్ని విరమించడం మానడమేననడంలో సందేహం తక్కువ. గుండెలో అమర్చిన పేస్‌మేకర్ అలా కాదు. ఒకసారి అమర్చాక అది శరీరంలో భాగమైనట్లు ఏళ్ల తరబడి నడుస్తుంది. అమర్చిన వైద్యుడే దాన్ని పనిచేయకుండా చేసినా అది మానడం కంటే ఆపడానికే దగ్గరగా తోస్తుంది. వెంటిలేటర్ ఈ రెండింటికీ నడుమ ఉంది. సహాయం చేసినవారే దాన్ని ఉపసంహరించారా, ఆ సహాయం ఇంకా వారి శ్రమను కోరుతున్నదా లేక స్వయంగా నిలదొక్కుకొన్నదా అన్నవి నిర్ణాయకమని 1993లో జెఫ్ మక్‌మాహన్ వాదించారు. మనిషి చేసే పనిని యంత్రం తన చలనంగా మార్చుకొన్నకొద్దీ 'మానడం' అనదగిన చోటు కుంచించుకుపోతుంది. ఈ సరిహద్దు చెరిగి ఉన్నదని ఒప్పుకోవడం అవసరం. అయితే సరిహద్దు చెరిగినంత మాత్రాన రెండు కొసలూ ఒకటి కావు.

భారతీయ సందర్భం

భారత సర్వోన్నత న్యాయస్థానం 2011 మార్చి 7న అరుణా శాన్‌బాగ్ కేసులో వెలువరించిన ఆంగ్ల తీర్పు బ్లాండ్ తీర్పును విపులంగా చర్చించింది. ముంబయిలోని కె.ఇ.ఎం. వైద్యశాల సిబ్బంది 1973 నుంచి ఆమెకు సేవ చేస్తూ వచ్చారు. ఆహారం విరమించాలన్న అభ్యర్థన వెలుపలి నుంచి వచ్చింది; కొనసాగిస్తామని సిబ్బంది చెప్పారు. ఆమె తరఫున మాట్లాడే అర్హత సిబ్బందికే ఉన్నదని న్యాయస్థానం భావించి, ఆమె విషయంలో అనుమతి నిరాకరించింది. అదే తీర్పులో, హైకోర్టు అనుమతితో ఇటువంటి విరమణకు సూత్రరీత్యా దారి తెరిచింది. 2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం గౌరవప్రదమైన మరణాన్ని జీవించే హక్కులో భాగంగా గుర్తించింది. అరుణా శాన్‌బాగ్ కేసులో న్యాయస్థానం ఈ పదాలను వాడకపోయినా, సేవ చేస్తున్నవారి మాటకు ఇచ్చిన ప్రాధాన్యంలో ఆ వివేచన ఉంది: మానగలిగినవారు చేస్తూ వచ్చినవారే.

ముగింపు

ఆంగ్లంలో రూపొందిన న్యాయ వైద్య పరిభాష తెలుగులోకి వస్తున్న కాలమిది. 'స్టాప్' అన్న ప్రతిచోటా 'ఆపడం' అని అనువదిస్తే, తన పనిని విరమించిన వైద్యుడినీ, అనుమతి తెలిపిన కుటుంబాన్నీ ఆ మాట ఆగంతకుడి స్థానంలో నిలబెడుతుంది. అన్నిచోట్లా 'ఆగింది' అని అంటే నిర్ణయం తీసుకొన్నవారు లేనేలేరన్న అసత్యం చోటు చేసుకుంటుంది. 'మానడం' ఈ రెంటికీ నడుమ మార్గం: కర్త ఉన్నాడని ఒప్పుకొంటుంది, అతడు చేసింది ఇతరుల పనిని భంగపరచడం కాదని కూడా చెబుతుంది.

అరిస్టాటిల్ విభజన ఇక్కడ మరొక విధంగా అక్కరకు వస్తుంది. స్వస్థపరచడం చివర ఫలం గల పని కనుక అది విఫలం కాగలదు. రోగి పక్కన ఉండడం, దప్పికకు పెదవులు తడపడం, నొప్పి తగ్గించడం ఆ తరగతికి చెందవు. వాటి ఫలం వాటిలోనే ఉంది. అవి ఏ క్షణంలో చూసినా అప్పటికే నెరవేరినవి. చికిత్సను మానినవారు శుశ్రూషను మానలేదన్న వాక్యానికి అర్థం ఉండాలంటే ఈ రెండూ వేరువేరు పనులని భాష గుర్తించాలి. తెలుగులో వాటికి వేరువేరు పేర్లు ఇప్పటికే ఉన్నాయి. వాటితో చేరే క్రియలను కూడా అంతే జాగ్రత్తతో ఎంచుకోవలసి ఉంది.